ముద్ర వేసిన మాట

“ఒక్క మాటే కదా మేడమ్. ఇంకోలా రాస్తే ఏం పోతుంది?” అంది బ్లజెనా.

ద్రహొమీరా కాఫీ కప్పు ఆమె ముందుకు జరిపింది. బ్లజెనా స్కూల్లో వంట చేస్తుంది. గుమ్మంలో బూట్లు విప్పేసి, ఇచ్చిన చెప్పులు తొడుక్కుని, కుర్చీ అంచున ఒదిగి కూర్చుంది. తువ్వాల్లో చుట్టి తెచ్చిన గసాల బన్నులు బల్ల మీద పెట్టింది.

బ్లజెనా మొగుడు వ్లస్తిమిల్ ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో పనివాడు. అక్టోబరులో ఒకరోజు నడుస్తున్న రోలరు తుడుస్తుంటే కుడిచెయ్యి లోపలికి పోయింది. మణికట్టు దాకా తీసేశారు. ఫ్యాక్టరీ పనిలోంచి తీసేస్తే, అతను పరిహారం కోసం కోర్టుకెళ్ళాడు. లైను ఆపకుండా తుడవమని మేనేజరు క్రెయిజా తనను పురమాయించాడని వ్లస్తిమిల్ అంటాడు. ఆపి తుడవాలని నేర్పాను, వినలేదు అని క్రెయిజా అంటాడు. ఆ మాటలు జరిగినప్పుడు పక్కన ఎవరూ లేరు. మిగిలిన సాక్ష్యం ఒక్క ఈమెయిల్. యజమానులు విదేశీయులు కాబట్టి ఆ ఉదయం క్రెయిజా వాళ్ళకు ఇంగ్లీషులో రాశాడు: ‘రోలరు విషయం వ్లస్తిమిల్‌ని ఇన్‌స్ట్రక్ట్ చేశాను.’

దాన్ని చెక్ భాషలోకి మార్చమని కోర్టు ద్రహొమీరాకు పంపింది. ఊళ్ళో కోర్టు ఇచ్చిన గుండ్రటి ముద్ర ఉన్న అనువాదకురాలు ఆమె ఒక్కతే. ముప్పై ఏళ్ళలో ఆమె ముద్ర వేసిన కాగితం ఒక్కటీ తప్పుందని వెనక్కి రాలేదు.

“ఆ మాటకి మన భాషలో రెండు మాటలున్నాయి,” అంది ద్రహొమీరా. “ఒకటి నేర్పి జాగ్రత్త చెప్పడం. రెండోది ఆదేశించడం. రెండూ కలిసొచ్చే మాట మనకు లేదు. ఏదో ఒకటే రాయాలి.”

“అయితే రెండోది రాయండి. జరిగింది అదే.”

“జరిగింది నాకు తెలియదమ్మా. కాగితం మీద ఉన్నదే నాకు తెలుసు. పనిలో జాగ్రత్తల సంగతి వచ్చినప్పుడు ఇంగ్లీషువాడు ఆ మాటని నేర్పడమనే వాడతాడు.”

“క్రెయిజా ఇంగ్లీషువాడు కాదుగా. మా వీధిలో పుట్టినవాడు. మావాడూ వాడూ ఒకే మిషను మీద పనిచేశారు. వాడికి నాలుగు ఇంగ్లీషు ముక్కలొచ్చాయని పైకి పోయాడు.” బ్లజెనా గొంతు తగ్గించింది. “వాడు ఆ మాటని ఆదేశించడం అనే నేర్చుకుని ఉంటేనో?”

ద్రహొమీరా చెంచా కింద పెట్టింది.

“ఒకవేళ తప్పుగా నేర్చుకుంటే అది అతని ఖర్మ. నేను కోర్టుకి మాట అర్థం రాసిస్తాను, మనుషుల మనసుల్లో ఏముందో రాసివ్వను.”

“బూటు తాళ్ళు నేనే కడుతున్నాను మేడమ్. నలభై ఏడేళ్ళ మగాడు, కాలు చాపి గోడకేసి చూస్తుంటాడు.”

“అయ్యో పాపం,” అంది ద్రహొమీరా. లేచి తువ్వాల మూట తీసి ఆమె చేతిలో పెట్టింది. “ఇవి పట్టుకెళ్ళండి. కేసులో ఉన్నవాళ్ళ దగ్గర ఏమీ తీసుకోకూడదు.”

బ్లజెనా వెళ్ళాక ఆమె ఈమెయిల్ మళ్ళీ తీసి, ఆ మాట మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చుంది. తర్వాత ‘నేర్పాను’ అని రాసి, ముద్ర వేసింది.

మార్చిలో విచారణ. వ్లస్తిమిల్ చొక్కా చేతిని మడిచి పిన్ను పెట్టారు. జడ్జి ముందుగా ద్రహొమీరాను లేపింది.

“ఈ కేసులో ఉన్నవాళ్ళెవరితోనైనా మీకు సంబంధం ఉందా?”

“లేదు.”

“ఈ మాట ‘ఆదేశించాను’ అని కూడా అయ్యే అవకాశం ఉందా?”

“ఆదేశించడానికి ఇంగ్లీషులో సూటి మాట వేరే ఉంది. అది రాయలేదు. నాకు సందేహం లేదు.”

వ్లస్తిమిల్ తరఫు లాయరు కుర్రాడు క్రెయిజా వైపు తిరిగాడు. “ఇంగ్లీషు ఎక్కడ నేర్చుకున్నారు?”

“మన ఊరి కల్చర్ హౌసులో, సాయంత్రం క్లాసులకెళ్ళి,” అన్నాడు క్రెయిజా.

“అక్కడ ఈ మాటకి ఏ అర్థం చెప్పారు?”

“ఇరవై ఏళ్ళ నాటి సంగతి. ఎవడికి గుర్తుంటుంది?”

వెనక బల్లల్లో ఎవరో నవ్వారు. లాయరు కూర్చున్నాడు.

మధ్యాహ్నానికల్లా తీర్పొచ్చింది. జాగ్రత్త నేర్పినా పాటించనిది పనివాడే. ఫ్యాక్టరీ తప్పేమీ లేదు, పరిహారం లేదు. నేర్పినట్టు రుజువైన మీదట వ్లస్తిమిల్‌ని పనిలోంచి తీసేయడమూ సబబే.

బ్లజెనా ఏడవలేదు. బయటికి పోతూ ద్రహొమీరా ముందు ఆగింది.

“మీరు చదువుకున్నవారు మేడమ్. మీకు తెలిసే రాసుంటారు,” అని మొగుణ్ణి భుజం పట్టి నడిపించుకుపోయింది. కారిడార్ కిటికీలోంచి చూస్తే ఇద్దరూ తడిమంచులో బస్‌స్టాప్ వైపు మెల్లగా పోతున్నారు.

కారిడార్ ఖాళీ అయింది. క్రెయిజా వచ్చి, కొక్కేనికున్న ద్రహొమీరా కోటు తీసి, ఆమె తొడుక్కోవడానికి వీలుగా పట్టుకున్నాడు. మర్యాదస్తుడు. ఆమె చేతులు దూర్చింది.

“నేను కిటికీ పక్క బల్ల మీద కూర్చునేవాణ్ణి,” అన్నాడతను మెల్లగా. “ఆ మాటకి మీరు మా చేత ‘ఆదేశించు’ అని పదిసార్లు రాయించారు టీచర్.”

ద్రహొమీరా కోటు గుండీలు మెడదాకా పెట్టుకుంది.

“గుర్తుంది,” అంది.