తెర రంగు

టీచరు ఉద్యోగానికొచ్చిన ఆమె స్కూలు లాప్‌టాప్‌లో తన స్లైడ్లు తెరిచేసరికి, వాటి చుట్టూ తెరంతా నల్లగా కనబడింది.

స్కూల్లో ఖాళీగా ఉన్నది ఒక్కటే పోస్టు. ఇంకాసేపట్లో పిల్లల ముందు స్లైడ్లతో పాఠం చెప్పి చూపించాలి. మెనూలు, బటన్లు అన్నీ ఆ నలుపులో కలిసిపోయి ఏది ఎక్కడుందో అంతుపట్టడం లేదు.

“నా స్లైడ్లన్నీ పాడైపోయాయి,” అంది.

పక్క కుర్చీలోని లావుపాటి కళ్లద్దాలాయన వంగి చూశాడు.

“ఏమీ కాలేదమ్మా. సాఫ్ట్‌వేర్ రంగు మారిందంతే. నేనే మార్చాను. తెల్లటి వెలుగు నా కళ్లకి పడదు.”

“పదిమందీ వాడేదాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చేస్తే ఎలాగండీ?”

ఆయన నొచ్చుకోలేదు. సెట్టింగుల్లోకి వెళ్లి నలుపు తీసి తెలుపు పెట్టాడు. తెర తెల్లబడగానే ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

“మీరూ ఈ పోస్టుకేనా?”

“అవును. ముందు నా వంతే. నువ్వు మరీ కంగారుపడుతున్నావు, నువ్వే వెళ్లిరా. అయ్యాక మాత్రం మళ్లీ నలుపు పెట్టెయ్యమ్మా.”

ఆమె తలూపింది.

పాఠం నల్లేరు మీద నడకలా సాగిపోయింది. హెడ్‌మాస్టరు బాగుందన్నారు. ఆ సంబరంలో లాప్‌టాప్ అలాగే వదిలేసి బయటికొచ్చింది.

ఆయన లోపలికి వెళ్లాడు.

తలుపు సందులోంచి చూసింది. తెల్లటి తెర ముందు ఆయన కళ్లు చికిలిస్తున్నాడు. అద్దాలు తీసి నీళ్లు తుడుచుకున్నాడు. సెట్టింగులు ఎక్కడున్నాయో కనబడక మౌస్ బాణం దారితప్పి తిరుగుతోంది.

ఆమెకప్పుడు గుర్తొచ్చింది.

గడప దాకా వెళ్లింది. హెడ్‌మాస్టరు వాచీ చూసుకుంటున్నారు. ఒకరి పాఠం మధ్యలో దూరితే ఏం బాగుంటుందని తనకు తనే సర్దిచెప్పుకుంది. అక్కడే ఆగిపోయింది.

ఆయన సగంలోనే ఆపేశాడు.

“నా వల్ల కావడం లేదు సార్,” అని బయటికొచ్చి, ఆమెను చూసి చిన్నగా నవ్వి వెళ్లిపోయాడు.

సాయంత్రం పోస్టు ఆమెకే అన్నారు.

సంతకం పెడుతూ, ఏదో ఒకటి మాట్లాడాలని గుమాస్తాని అడిగింది.

“ఇన్నాళ్లూ ఈ క్లాసుకి ఎవరు చెప్పేవారండీ?”

“మీ తర్వాత పాఠం చెప్పలేక వెళ్లిపోయారే, ఆయనేనండీ. టెంపరరీగానే ఇన్నేళ్లూ నెట్టుకొచ్చారు, ఇవాళ పర్మనెంట్ అవుతుందని ఆశపడ్డారు.”