మాత్రలు ఆపమన్న రోజు

పొద్దున్నే పరాయి దేశంలోని పరిశోధక బృందం నుంచి ఆసుపత్రిలో నర్సుకు సందేశం వచ్చింది. "ఈ రోజు మాత్రలు ఎవరికీ ఇవ్వకండి. కారణం మూడింటికి చెబుతాం."

నెలలు నిండకుండా కాన్పు రాకుండా ఆపే మందును నాలుగు దేశాల ఆసుపత్రులు కలిసి పరీక్షిస్తున్నాయి. సగం మంది గర్భిణులకు అసలు మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. ఎవరికి ఏది అందుతోందో నర్సుకు కూడా తెలియదు. తన మరదల్ని బతిమాలి మరీ అందులో చేర్పించింది ఆమే. ఇలా అర్ధాంతరంగా ఆపమన్నారంటే మందు ఎవరి ప్రాణం మీదికో తెచ్చిందన్నమాటే! నర్సు వరండాలోకి వచ్చి ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మాయ్, ఇంక ఆ మాత్ర వేసుకోకు. ఒంట్లో ఎలా ఉంది?"



"కోప్పడనంటే చెప్తా వదినా. భయమేసి ఇన్నాళ్లూ నేను ఒక్కటి కూడా మింగలేదు. అన్నీ సింకులో పారేశా."

"మంచి పని చేశావు తల్లీ!" నర్సుకు ప్రాణం లేచొచ్చింది.

మూడింటికి తెర మీద అక్కడి పెద్ద డాక్టరు నవ్వుతూ కనిపించారు.

"మందు మనం అనుకున్నదానికంటే బాగా పనిచేస్తోంది. ఇంకా సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇవ్వడం అన్యాయం. రేపటి నుంచి అందరికీ అసలు మాత్రే!"

గది నిండా చప్పట్లు. నర్సుకు మాత్రం చేతులు లేవలేదు.

ఇంతలో ఆమె ఒళ్లో ఫోన్ మోగింది.

"వదినా, పొద్దున మీరు కంగారుగా ఉన్నారని చెప్పలేదు. నిన్నటి నుంచి అరగంటకోసారి నడుం పట్టేసి వదులుతోంది. ఏడో నెల్లో ఇది మామూలేనా?"