పొద్దుటి చేతులు

"వట్టి నాటకం డాక్టరమ్మా! పొద్దున్నే కుస్కుస్ వంటకి పిండి నలపమంటే వేళ్లు ముడుచుకోవడం లేదంటుంది. మధ్యాహ్నానికి ఫోను మాత్రం టకటకా నొక్కేస్తుంది," అంది మబ్రూకా.

కూతురు సిహేమ్‌కి ఒళ్లు మండింది. "నిజంగానే నొప్పమ్మా!"

కీళ్ల డాక్టరు ఆమె వేలి కణుపులు నొక్కి చూసింది. "నాటకం కాదు. పొద్దున బిగుసుకుపోయి, పొద్దెక్కాక సడలడమే ఈ జబ్బు లక్షణం."

"ఇదీ ఒక జబ్బేనా? ఆడవాళ్లందరికీ ఉండేదేగా! నేను రోజూ వేడినీళ్లలో చేతులు నానబెట్టుకున్నాకే కదా పిండి ముట్టుకునేది!"

డాక్టరు సిహేమ్ చెయ్యి వదిలేసింది. "ఏదమ్మా, మీ చేతులు ఇలా పెట్టండి."

అమ్మ రోజూ అందరికంటే ముందే ఎందుకు లేస్తుందో సిహేమ్‌కి అప్పుడు అర్థమైంది.

మబ్రూకా చప్పున చేతులు ముసుగులోకి దాచేసుకుంది.

"ముందు దాని సంగతి చూడండి."