మట్టి వాపసు

“మా మట్టి మాకిప్పించండయ్యా.”

గుమ్మంలో నిలబడి ఆ మనిషి ఆ మాట అనేసరికి మట్టి ఆఫీసరు పెన్ను కింద పెట్టాడు. ఆయన చదివిన చదువులో ఈ ప్రశ్న రాలేదు.

ఆయన అసలు హోదా పలకడం కష్టమని ఊరంతా కలిసి మట్టి ఆఫీసరు అని తేల్చేశారు. వానకు పొలాల్లోంచి మట్టి ఎంత కొట్టుకుపోతుందో కొలవడం ఆయన పని. గుట్ట మీది నీళ్ళన్నీ దిగే వాగుకు అడ్డంగా సర్కారు ఆ ఏడే ఓ సిమెంటు తొట్టి కట్టించింది. వాన వెలిశాక తొట్టి అడుగున పేరుకున్న బురదను తోడాలి, ఎండబెట్టాలి, తూచాలి, రిజిస్టరులో ఎక్కించాలి, అవతల పారబోయాలి. రిజిస్టరు దాకా శాస్త్రం. పారబోయడం మటుకు చాకిరీ.

“అది మీ మట్టేనని ఎలా చెబుతావయ్యా?”

“తొట్టిలో ఉండాల్సిన మట్టా అయ్యా అది? నా పొలంలో ఉండాల్సింది.”

మాటలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. పొలం ఎక్కడంటే గుట్ట వెనకన్నాడు. అటు జీపు పోదు. ఆఫీసరు రిజిస్టరులో ‘రైతుకు వాపసు’ అని కొత్త గడి గీయించి, కింద సంతకం పెట్టాడు. పారబోసే కూలి తప్పిందని గుమాస్తా సంతోషించాడు.

అది మొదలు, వాన వెలిసిందంటే మొగుడూ పెళ్ళాం తట్టలతో సిద్ధం. పెద్ద వానకు నూరు తట్టలు మోసేవాళ్ళు. తట్టాయన అని పేరు పెట్టింది గుమాస్తానే.

తట్టాయన తీరే వేరు. మెత్తటి ఒండ్రయితే చిటికెడు వదిలేవాడు కాదు. ఇసుక కనబడితే మాత్రం, “ఇది మాది కాదులెండి” అని పక్కకు నెట్టేవాడు. నేల పుట్టిన బిడ్డలాంటిది, రైతు గుర్తుపట్టడా అని ఆఫీసరు ముచ్చటపడేవాడు. జడివానకు ఊరు ఊరంతా తల పట్టుకుంటే తట్టాయన మొహం చాటంత అయ్యేది. వానలు తగ్గిన ఏడు దిగులు పడేవాడు.

“ఈసారి మరీ తక్కువొచ్చిందయ్యా.”

“తక్కువొస్తే మంచిదేగా. నీ పొలంలో కోత తగ్గిందన్నమాట.”

“అంతేలెండి,” అని నిట్టూర్చి తట్ట ఎత్తుకునేవాడు.

ఆరేళ్ళు గడిచాయి. వాలుకు అడ్డంగా గట్లు వేసుకోండి, మట్టి నిలుస్తుంది అని ఆఫీసరు చెప్పులరిగేలా తిరిగాడు. “గట్టు కింద గజం నేల పోతుంది, మీరిస్తారా?” అన్నారు రైతులు. ఒక్కడూ వేయలేదు. తట్టాయనకైతే ఆ మాట చెవిన పడితేనే కంగారు.

“పై పొలాలవాళ్ళతో మీకెందుకయ్యా? మంచికి పోతే చెడు ఎదురవుతుంది.”

తన మీద ఇంత ఆపేక్ష ఉన్నది ఊళ్ళో ఇతనొక్కడికేనని ఆఫీసరు అనుకున్నాడు.

ఆరో ఏట పైనుంచి కాగితం వచ్చింది. మీ మట్టి కొలత కేంద్రం వల్ల ఒక్క రైతు పొలంలోనైనా పిడికెడు మట్టి నిలిచిందా? గురువారం కమిటీ వస్తుంది, చూపించాలి. లేకుంటే నెలాఖరుకు కేంద్రం మూత. మూతపడితే ఆఫీసరుకు ఎరువుల గోడౌనులో బస్తాలు లెక్కపెట్టే పని. ఆరేళ్ళ రిజిస్టర్లు చెదల పాలు.

“మనం తూచిన మట్టి చూపిస్తే పోలా సార్?” అన్నాడు గుమాస్తా.

“తూచింది పోయిన మట్టయ్యా. వాళ్ళడిగేది నిలిచింది.”

ఇద్దరికీ ఒక్కసారే తట్టాయన గుర్తొచ్చాడు. కబురు చేస్తే వచ్చాడు గానీ, సంగతి విని నీళ్ళు నమిలాడు.

“మా మడి ఏం చూస్తారులెండి. దుప్పటంత ఉంటుంది.”

“ఆరేళ్ళు నీకు సంతకాలు పెట్టాను. ఒక్క పూట నాకు నీ పొలం చూపించలేవా?”

తట్టాయన తలవంచుకుని సరేనన్నాడు.

గురువారం కమిటీవాళ్ళు ముగ్గురూ రొప్పుతూ గుట్ట ఎక్కి దిగారు. అవతల పది సెంట్ల మడి. చుట్టూ రాళ్ళ వరస, నీళ్ళు పోస్తే నిలిచేంత చదును. మొక్కజొన్న మనిషెత్తు పెరిగి కళకళలాడుతోంది. ఆఫీసరుకు ప్రాణం లేచి వచ్చింది.

కమిటీ పెద్ద అంత తేలిగ్గా లొంగే ఘటం కాదు. చేతిలోని ఇనప ఊచ నేలలో గుచ్చాడు. జానెడు లోతున ఠంగుమంది. నాలుగడుగులు జరిగి మళ్ళీ గుచ్చాడు. మళ్ళీ ఠంగు. నాలుగు మూలలా అదే జానెడు, అదే ఠంగు.



కమిటీ పెద్ద ఊచ తుడుచుకుంటూ తక్కినవాళ్ళ వైపు తిరిగాడు. “చూశారా, కోత ఎంత పని చేసిందో. తాతల నాటి మట్టంతా పోయి జానెడు మిగిలింది. దీన్నయినా పాపం తట్టలతో మోసి కాపాడుకుంటున్నాడు.” జేబులోంచి నోటుబుక్కు తీసి, పెన్ను మూత విప్పాడు. “సరిగ్గా గుర్తు తెచ్చుకుని చెప్పవయ్యా. అసలు ఇక్కడ మట్టి ఎంత లోతుండేది?”

తట్టాయన పెళ్ళాం వైపు చూశాడు. చెప్పెయ్యమన్నట్టు ఆవిడ తల ఊపింది.

“మీరు తొట్టి కట్టకముందు ఇది ఉత్త బండేనండి.”