గుమ్మం చదివిన పేర్లు

ఆ రోజుల్లో ప్రతి కొట్టు గుమ్మమూ లోపలికొచ్చినవాళ్ల పాత కేసులు పైకి చదివేది. జైలు నుంచి వచ్చాక పరదేశికి తొమ్మిది చోట్ల పని దొరకలేదు. పదోది అనకాపల్లిలో మహంకాళమ్మ టిఫిన్ హోటలు.

"పరదేశి. బైకు దొంగతనం. ఎనిమిది నెలలు," అంది గుమ్మం.

తింటున్నవాళ్లంతా తలెత్తి చూశారు. అతను సిగ్గుపడి వెనక్కి తిరిగాడు.

"ఆగు బాబూ. దోసెలు వెయ్యడం వచ్చా?" అంది మహంకాళమ్మ.

"జైల్లో మూడొందల మందికి వేసేవాణ్ణండి. కానీ ఈ గుమ్మం..."

"దాని మొహం. దానికి దోసెల సంగతేం తెలుసు?" అంటూ ఆవిడ వీధిలోకి వెళ్లి, మళ్లీ లోపలికొచ్చింది.

"మహంకాళమ్మ. వార్డు మెంబరుని అప్పడాల కర్రతో కొట్టుట. మూడు నెలలు," అంది గుమ్మం.

ఈసారి ఒక్కరూ తలెత్తలేదు. ఒకాయన చట్నీ అడిగాడు.

"రోజూ విని అలవాటైపోయింది వీళ్లకి. నీదీ నాలుగు రోజులే. చేతులు కడుక్కురా," అందావిడ.