నిమ్మతొక్కలు మేసే మిషను

సింకు కన్నంలో వేసిన చెత్తను కింద నలిపే మిషను దానంతటదే తిరుగుతుందేమోనని, ఆ క్షణంలో రెండేళ్ల కూతురి చెయ్యి అందులో ఉంటుందేమోనని ఆమె భయం. దానికి మించిన భయం ఆమెకు మరొకటి లేదు.

"అదిగో, మళ్లీ మొదలెట్టింది" అంది, పిల్లను చటుక్కున చంకనేసుకుంటూ.

ఘర్ర్... ఘర్ర్ర్...

అప్పుడే వచ్చిన మెకానిక్ సంచీ కింద పెట్టి చెవి రిక్కించాడు. "స్విచ్చు వేశారా అమ్మా?"

"స్విచ్చా? ఈ ఇంట్లో దిగిన రోజే దానిమీద మూడు వరసలు టేపు అంటించాను. వేయకుండానే అరుస్తోందన్నా. పదిహేను రోజులుగా ఇదే తంతు. మధ్యాహ్నం భోజనాలయ్యి అంట్లు తోముదామని వస్తానా, మొదలు."

చెబుతూనే చీపురు తిరగేసి, దాని కర్రతో సింకు వెనక గోడమీద టకటకా నాలుగు దెబ్బలు వేసింది. శబ్దం ఠక్కున ఆగిపోయింది.

"చూశావా? భయం చెబితేనే వింటుంది."

మెకానిక్ తల గోక్కున్నాడు. "ఎప్పుడైనా శుభ్రం చేశారా దీన్ని?"

"ఎందుకు చేయను? ఇంటి ఓనరమ్మ చెప్పినట్టే ఐసుముక్కలు, నిమ్మతొక్కలు వేసి చన్నీళ్లు వదులుతాను. ఆవిడ వారానికోసారన్నది. నేను రోజూ చేస్తాను."

"అవి వేశాక మిషను ఆన్ చేస్తారు కదా?"

"అదొక్కటే చేయను."

అతను పట్టకారుతో తొక్కలు పైకి లాగడం మొదలుపెట్టాడు. సగం బకెట్టు నిండింది.

"తోట వేశారు కదమ్మా ఇందులో."

"నవ్వకన్నా. ఇవాళ దీని సంగతి తేలకపోతే పిల్లను తీసుకుని మా అమ్మ దగ్గరికి పోతానని మా ఆయనకు చెప్పేశాను. మరి వంటెవరు చేస్తారు అని అడిగాడు. అంతే అడిగాడు."

ఇంతలో మామగారు మంచినీళ్ల కోసం వంటింట్లోకి వచ్చారు. కళ్లు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి.

"నిద్ర పట్టలేదా మామయ్యా?"

"ఎక్కడమ్మాయ్. నడుం నొప్పికి వెల్లకిలా పడుకోమన్నాడా డాక్టరు, బుద్ధిగా అలాగే పడుకుంటున్నా. కునుకు పట్టేసరికి ఎవరో దబదబా తలుపు కొడతారు. లేచి తీస్తే పిట్ట ఉండదు. రెండు వారాలైంది." ఆయన గొంతు తగ్గించారు. "ఈ కొంపలో ఏదో ఉందమ్మాయ్. మావాడితో అనకు, నాకు మతి పోయిందనుకుంటాడు."

 పెద్దాయనకు కూడా తెలిసిపోయిందన్నమాట అనుకుంది ఆమె. పిల్లను ఇంకో చంకకు మార్చుకుని గట్టిగా పట్టుకుంది. ఆయన నీళ్లు తాగి, నడుం పట్టుకుని పక్క గదిలోకి వెళ్లిపోయారు.

మెకానిక్ టార్చి పట్టుకుని సింకు కింద దూరాడు. చాలాసేపు అక్కడే వైర్లు వెతుకుతూ ఉన్నాడు.

"ఏమైందన్నా? మోటారు పోయిందా?"

"అమ్మా, దీనికి ప్లగ్గే పెట్టలేదు."

"అంటే?"

"అంటే వైరు చుట్ట చుట్టింది చుట్టినట్టే ఉంది. దానిమీద సాలెగూడు. బిగించిన దగ్గర్నుంచి ఈ మిషను ఒక్కసారి కూడా తిరగలేదు. దీనికి అరిచే యోగమే లేదు."

ఘర్ర్... ఘర్ర్ర్... ఘుర్ర్ర్ర్...

మెకానిక్ లేవబోయి సింకుకు తల కొట్టుకున్నాడు. సామాను సంచీలో కుక్కుతూ, "నేను మిషన్లు బాగుచేసేవాణ్ణమ్మా, ఇలాంటివి చూసేవాళ్లు వేరే ఉంటారు" అని గుమ్మం దాటాడు. ఒక చెప్పు వదిలేసి వెళ్లాడు.

ఆమె ఒక చంకలో పిల్ల, ఒక చేతిలో చీపురుతో భోజనాల బల్ల ఎక్కి నిలబడింది. దిగి గోడ దగ్గరికి వెళ్లే ధైర్యం ఇక లేదు. పిల్లను తీసుకుని ఇల్లు వదిలిపోవడమే అని నిశ్చయించుకుంది.

కాస్త మీలో ఎవరైనా ఆ గోడకవతలి పక్క గదికెళ్లి, మామగారు వెల్లకిలా పడుకున్నారేమో చూసి రండి.