సునంద ఇచ్చిన మినహాయింపు

"ఈ బోరు మోటరు స్టార్టర్ డబ్బాల నడిచేది మా సునంద రాసిన కోడే. డబ్బాతో ఇచ్చిన మీ పుస్తకంల ఆమె పేరేది?" బొంగులూరు కంపెనీలో మేనేజరు వికాస్‌ను నిలదీశాను.

"ఆమె కోడు ఫైలును విడిగ పంచితే పేరు పెట్టాలె కాకా. కోడును మిషన్ భాషకు మార్చే కంపైలరే దాన్ని మా ప్రోగ్రాంల కలిపేస్తే అక్కర్లేదు. ఆ కోడు లైసెన్సుల మినహాయింపున్నది."

"సచ్చిన మనిషి పేరు మింగమని రాసిచ్చిన లంగ ఎవడు?"

నా బిడ్డ భవిత చెయ్యి పట్టుకుంది. "అమ్మనే, బాపు. తన పేరు ఎవ్వలకూ అడ్డం కావద్దని తనే రాసిచ్చింది."

సునంద నాకు చెప్పలేదు. అర్థం కాదనుకుందేమో.

ఇబ్రహీంపట్నంలోని మా పొలానికి వచ్చి ఆ డబ్బానే బోరుకు బిగించాను. మీట నొక్కగానే మోటరు తిరిగింది, నీళ్లు వచ్చాయి.

ఆ పేరు అక్కర పడింది నాకొక్కడికే.